‘మెడిల్’ వినడం ఎలా: ఐదు పాటలు, ఒక పొడవైన ప్రతిధ్వని

పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1971లో విడుదల చేసిన ‘మెడిల్’ ఆల్బమ్‌ను వినడానికి కూర్చునే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఈ ఆల్బమ్‌లో అందం రాగాలలో ఉన్నదానికంటే అతుకులలో ఎక్కువగా ఉంది. ఒక శబ్దం ఎక్కడ పుట్టింది, ఎంతసేపు నిలిచింది, ఏ క్షణంలో మరో శబ్దంగా మారిపోయింది అన్నది గమనించగలిగితే నలభై ఏడు నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. పల్లవి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటే మాత్రం మూడో నిమిషానికే విసుగు పుడుతుంది. ఆ విసుగుకు కారణం సంగీతం కాదు, మనం దాని దగ్గరకు తీసుకెళ్లిన అలవాటు.

ఈ ఆల్బమ్ సంగీతాన్ని సైకడెలిక్ ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. ఆ పేరులో రెండు వేర్వేరు కోరికలు కలిసి ఉన్నాయి. 1960ల రెండవ భాగంలో బ్రిటన్‌లో సైకడెలిక్ సంగీతం వాయించినవారు స్టూడియోనే ఒక వాయిద్యంగా వాడుకున్నారు. టేపును వెనక్కి తిప్పి వినిపించడం, శబ్దాన్ని ఎడమ చెవి నుంచి కుడి చెవికి నడిపించడం, ప్రతిధ్వనిని అసలు స్వరంకంటే ముఖ్యం చేయడం వారి పద్ధతి. ప్రోగ్రెసివ్ రాక్ వాయించినవారి ఆరాటం నిర్మాణం మీద ఉండేది. మూడు నిమిషాల పాట చట్రాన్ని దాటి, అనేక అంకాలున్న నాటకంలాగా ఒక రచనను నిలబెట్టాలని వారు కోరుకున్నారు. ‘మెడిల్’ ఈ రెండింటి కూడలిలో నిలిచింది. 1965లో లండన్‌లో మొదలైన ఈ బృందానికి తొలి రోజులలో సిడ్ బారెట్ ప్రాణంగా ఉండేవారు. 1968లో ఆయన తప్పుకున్న తర్వాత మిగిలిన నలుగురు, అంటే బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్, గిటార్ వాయించే డేవిడ్ గిల్మర్, కీబోర్డుల దగ్గర రిచర్డ్ రైట్, డ్రమ్స్ దగ్గర నిక్ మేసన్, తమదైన దారి కోసం కొన్నేళ్లు వెతికారు. ఆ వెతుకులాట ముగిసి దారి దొరికిన చోటు ‘మెడిల్’ అని నా నమ్మకం. 1973లో ప్రపంచమంతటా వారికి పేరు తెచ్చిన ఆల్బమ్‌కు అవసరమైన విద్య అంతా వారు ఇక్కడే నేర్చుకున్నారు.

వినే ఏర్పాటు గురించి ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్ విషయంలో అది చిన్న సంగతి కాదు. రెండు చెవులకు రెండు వేర్వేరు శబ్దాలు అందించే సాధనం తప్పనిసరి. మంచి హెడ్‌ఫోన్లు అయినా, కొంత దూరంలో విడివిడిగా ఉంచిన రెండు స్పీకర్లు అయినా సరిపోతాయి. ఫోనుకున్న స్పీకరు పనికిరాదు. నేను ఈ ఆల్బమ్‌ను మొదట ఒకే ఒక చిన్న స్పీకరు మీద విన్నాను. మొదటి పాటలో రెండు బేస్ గిటార్లు ఉన్నాయన్న సంగతి నాకు చాలాకాలం తెలియనే లేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రోజున అదే పాట నా తలకు రెండు వైపులా విడిపోయి నిలిచింది. స్ట్రీమింగ్‌లో వినేవారు పాటల వరుసను కలిపేసే షఫుల్‌ను, ఒక పాట చివరను మరో పాట మొదటి భాగంతో తనంతట తానే కలిపే క్రాస్‌ఫేడ్‌ను ఆపివేయాలి. మొదటి పాట చివర వీచే గాలి రెండవ పాటలోకి ఏ ఆటంకమూ లేకుండా సాగాలని బృందం ఎంతో శ్రద్ధగా కూర్చింది. ఆ అతుకు మీద యాప్ మరో అతుకు వేయకూడదు.

శబ్ద స్థాయిని కూడా ముందే నిర్ణయించుకోవాలి. ఆల్బమ్ చాలా మెల్లగా, దూరపు గాలి శబ్దంతో మొదలవుతుంది. అది సరిగా వినబడడం లేదని స్థాయి పెంచితే కొద్దిసేపటికి వాయిద్యాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడి చెవులు నొప్పెడతాయి. అందుచేత మొదటి పాట చివరి రెండు నిమిషాలను ముందుగా ఒకసారి వినిపించి, ఆ హోరు చెవికి నిండుగా, హాయిగా ఉన్న చోట స్థాయిని ఉంచి, తర్వాత ఆల్బమ్ ముగిసేదాకా దాన్ని ముట్టుకోకుండా ఉండడం మంచిది. మెల్లని చోట్లు మెల్లగానే ఉండాలి. వినడానికి మనం కొంచెం ముందుకు వంగవలసి రావడం కూడా ఈ సంగీతంలో భాగమే.

మొదటి రోజున ఆల్బమ్ అంతా వినవలసిన అవసరం లేదు. మొదటి పాట ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ ఒక్కదాన్నే మూడుసార్లు వినమని నా సలహా. దీని నిడివి ఆరు నిమిషాలకు కొంచెం తక్కువ. ఇందులో మాటలు దాదాపు లేవు కనుక చెవికి ఇది చక్కని సాధన. మొదటిసారి బేస్ గిటార్ వెంట మాత్రమే వెళ్లండి. గాలి శబ్దం నడుమ నుంచి ఒకే స్వరం పదేపదే మోగుతూ వస్తుంది. కాసేపటికి రెండో వైపు నుంచి మరో బేస్ చేరుతుంది. మొదట వినిపించేది గిల్మర్ వాయించినది, తర్వాత చేరేది వాటర్స్‌ది. రెండవ బేస్‌కు పాత తీగలు ఉండడం వల్ల దాని నాదం మొద్దుగా, బరువుగా ఉంటుంది. ఒకటి మెరుస్తూ, మరొకటి మసకగా ఉండే ఈ రెండు నాదాల తేడాను చెవితో పట్టుకోగలిగిన రోజున ఈ ఆల్బమ్‌కు తలుపు తెరుచుకున్నట్టే.

రెండవసారి ప్రతిధ్వనిని వినండి. ఆ బేస్ నడకలోని గుర్రపు దౌడు వంటి వేగమంతా వేళ్లది కాదు. బిన్సన్ ఎకోరెక్ అనే ఇటాలియన్ ప్రతిధ్వని యంత్రం, తిరిగే ఒక అయస్కాంత చక్రం మీద స్వరాన్ని ముద్రించి, కొన్ని క్షణాల తేడాతో దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. వాద్యకారుడు ఒక స్వరం మీటితే యంత్రం దానికి తోడుగా మరికొన్ని చేరుస్తుంది, అతడు తన తర్వాతి మీటును వాటి మధ్య ఖాళీలో సరిగ్గా పడేలా చూసుకోవాలి. అంటే ఇక్కడ లయను మనిషి, యంత్రం కలిసి పంచుకుంటున్నారు. ఏది వేలు మీటిన స్వరం, ఏది యంత్రం తిరిగిచ్చిన స్వరం అని వేరుచేయడానికి ప్రయత్నించండి. పూర్తిగా వేరుచేయలేరు, కానీ ఆ ప్రయత్నంలోనే చెవి పదునెక్కుతుంది.

మూడవసారి నిర్మాణం కోసం వినండి. పాట మధ్యలో హోరు తగ్గి, బేస్ ఒక్కటే వణుకుతూ మిగిలే చోటు ఒకటుంది. అక్కడ యంత్రంలోంచి వచ్చినట్టు వికృతం చేసిన ఒక గొంతు ఒకే ఒక బెదిరింపు వాక్యం పలుకుతుంది. ఆ గొంతు ఎప్పుడో గానీ నోరు విప్పని డ్రమ్మర్ మేసన్‌ది. ఆ మరుక్షణం డ్రమ్స్ విరుచుకుపడతాయి, వాటి మీదుగా గిల్మర్ స్లైడ్ గిటార్, అంటే తీగల మీద ఒక కడ్డీని జారుస్తూ వాయించే గిటార్, అరుస్తూ దూసుకుపోతుంది. నాలుగు నిమిషాలపాటు ఓపికగా పోగుచేసిన ఒత్తిడి అంతా అక్కడ విడుదల అవుతుంది. ముందు నాలుగు నిమిషాలను దాటవేసి ఆ చోటికే నేరుగా వెళ్లి వింటే అది మామూలు రాక్ హోరులాగానే ఉంటుంది. కాలం వెచ్చించి దాన్ని చేరుకున్నవారికే దాని బలం తెలుస్తుంది.

ఎల్పీ రికార్డు మొదటి వైపున ఉన్న మిగిలిన నాలుగు పాటల మీద నాకున్న ప్రేమ సమానమైనది కాదు, ఆ మాట దాచను. గాలి శబ్దం మీదుగా వచ్చే ‘ఎ పిల్లో ఆఫ్ విండ్స్’ మెత్తని అకూస్టిక్ గిటార్ పాట. ఇంతకుముందు కత్తిలా కోసిన స్లైడ్ గిటార్ ఇక్కడ నిద్రపుచ్చే స్వరంతో పలకడం గమనించదగినది. ఒకే పనిముట్టుతో రెండు వ్యతిరేక భావాలు పలికించడం గిల్మర్‌కు బాగా తెలుసు. ‘ఫియర్‌లెస్’ నాకు మొదటి వైపున అన్నిటికంటే ఇష్టమైన పాట. మెట్లెక్కినట్టు పైకి సాగే దాని గిటార్ పదబంధం ఒకసారి వింటే మనసును వదలదు. పాట మధ్యలోను, చివర్లోను లివర్‌పూల్ నగరపు ఆన్‌ఫీల్డ్ మైదానంలో వేలాదిమంది ఫుట్‌బాల్ అభిమానులు కలిసి పాడుతున్న గొంతులు వినిపిస్తాయి. ఒంటరిగా కొండ ఎక్కే మనిషి గురించిన పాటకు ఆ జనసమూహపు గొంతులు ఎందుకు తోడయ్యాయో ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే. పాట వాయిద్యాలు ఎక్కడ ఆగుతాయో, జనం గొంతులు ఎక్కడ వాటిని మింగేస్తాయో చెవిపెట్టి వినండి. అది ఈ ఆల్బమ్‌లోని గొప్ప అతుకులలో ఒకటి.

వాటర్స్ ఒంటరిగా రాసి పాడిన ‘సాన్ ట్రోపే’ జాజ్ ఛాయలున్న తేలికపాటి పాట. దాని చివర రైట్ పియానో మీద చేసే చిన్న విహారం కోసం నేను దాన్ని వింటాను. ‘షేమస్’ రెండు నిమిషాల బ్లూస్ ముక్క, అందులో గిటార్‌తో పాటు ఒక కుక్క మూలుగుతూ ఉంటుంది. ఆ కుక్క సంగీతకారుడు స్టీవ్ మారియట్‌ది. ఈ రెండింటిని ఒకసారి విని ముందుకు సాగితే నష్టం లేదు.

ఇప్పుడు రెండవ వైపు. ఎల్పీ వైపంతా ఆక్రమించిన ‘ఎకోస్’ ఇరవై మూడున్నర నిమిషాల రచన. ఇది ఒక్కటే మిగిలి ఆల్బమ్‌లో తక్కినవన్నీ మాయమైనా ‘మెడిల్’ పేరు నిలిచి ఉండేది. దీన్ని ఎలా తయారుచేశారో తెలుసుకుంటే వినడం తేలికవుతుంది. 1971 ఆరంభంలో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలోకి వెళ్లినప్పుడు బృందం చేతిలో సిద్ధమైన పాటలు లేవు. వారు చిన్న చిన్న ప్రయోగాలు చేసి, ఇరవై నాలుగు ముక్కలు పోగుచేసి, వాటికి ‘నథింగ్’ అని పేరు పెట్టుకున్నారు. ఆబీ రోడ్‌లో అప్పుడు ఎనిమిది ట్రాకుల, అంటే ఎనిమిది శబ్దాలను విడివిడిగా నమోదు చేయగల, టేపు యంత్రాలే ఉండడంతో పదహారు ట్రాకుల సౌకర్యం ఉన్న ఎయిర్ స్టూడియోకు పని మారింది. కచేరీ యాత్రల మధ్య దొరికిన రోజులలో, నెలల తరబడి, ఆ ముక్కలను ఒక దారానికి గుచ్చారు. అందువల్ల ‘ఎకోస్’ను ఒక పెద్ద పాటగా కాకుండా, నేర్పుగా కలిపి కుట్టిన అనేక ప్రదేశాలుగా భావించి వినడం సులువు.

మొదటి ప్రదేశం ఒకే ఒక స్వరం. రైట్ పియానో మీద పై స్థాయిలో ఒక మీట నొక్కారు, ఆ నాదాన్ని మైకు ద్వారా లెస్లీ స్పీకరులోకి పంపారు. లెస్లీలో శబ్దం వెలువడే కొమ్ము గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది కనుక స్వరం దగ్గరకు వస్తూ, దూరమవుతూ, నీటిలో తేలుతున్నట్టు వణుకుతుంది. సముద్రగర్భంలో నౌకను వెతికే యంత్రం పంపే పిలుపు లాగా ఆ చుక్క ‘టింగ్’ అంటూ మోగి, కరిగిపోతుంది. మళ్లీ మోగుతుంది. తర్వాత స్టూడియోలో అదే నాదాన్ని మళ్లీ తెప్పించడానికి బృందం ప్రయత్నించింది, కానీ పియానోకు, లెస్లీకి మధ్య ఆ రోజు కుదిరిన ఆ ప్రత్యేకమైన స్పందన మళ్లీ కుదరలేదు. చివరకు మొదటి నమూనా రికార్డింగునే తీసుకుని దాన్ని మిగతా పాటతో కలిపారు. అందుచేత ఆ చుక్కలు ఒక్కొక్కటిగా పడుతున్నప్పుడు తొందరపడకండి. ఒక్కొక్క చుక్క ఎంతసేపు గాలిలో నిలుస్తుందో, దాని తోక ఎప్పుడు పూర్తిగా అణగిపోతుందో చివరిదాకా వినండి. మొత్తం రచనకు ఊపిరి కొలత అక్కడే నిర్ణయమవుతుంది.

దాదాపు మూడవ నిమిషం దగ్గర పాడడం మొదలవుతుంది. గిల్మర్, రైట్ కలిసి పాడతారు. రెండు గొంతులు ఒకదానిలో ఒకటి ఎంతగా కలిసిపోతాయంటే మొదట అది ఒకే మనిషి గొంతు అనిపిస్తుంది. వాటర్స్ రాసిన మాటలు సముద్రపు లోతులలో మొదలై వీధిలోకి వస్తాయి. ఇద్దరు అపరిచితులు ఒకరినొకరు దాటిపోతూ క్షణకాలం చూపులు కలుపుతారు, ఆ చూపులో ఒకరిలో మరొకరు తమను తామే గుర్తిస్తారు. మాటలను ఎదుట పెట్టుకుని ఒకసారి చదవండి, కానీ వింటున్న సమయంలో చదవకండి. చరణాల తర్వాత గిటార్, బేస్, ఆర్గాన్ ఒక్కటై అర్ధస్వరాల మెట్ల మీద కదిలే బరువైన పదబంధాన్ని గుర్తుపెట్టుకోండి. అది ఈ పొడవైన దారిలో మైలురాయి లాంటిది, చివర్లో మళ్లీ ఎదురవుతుంది.

ఏడవ నిమిషం ప్రాంతంలో నేల గట్టిపడుతుంది. డ్రమ్స్, బేస్ కలిసి ఒకే నడకను పట్టుకుని దాదాపు నాలుగు నిమిషాలపాటు వదలవు. ఇక్కడ గిటార్ వెంట పరుగెత్తాలన్న కోరిక సహజం, ఎందుకంటే అది పైన అరుస్తూ, గీస్తూ ఉంటుంది. మొదటిసారి మాత్రం ఆ కోరికను ఆపుకుని కింద ఉన్న బేస్‌నే పట్టుకుని ఉండండి. నడక మారకపోవడం వల్లనే దాని మీది గిటార్‌కు అంత స్వేచ్ఛ దొరికిందని అర్థమవుతుంది. రెండవసారి ఆర్గాన్ ఎప్పుడు చొరబడుతుందో, ఎప్పుడు తప్పుకుంటుందో చూడండి.

తర్వాత వచ్చే చోటులోనే చాలామంది ఈ పాటను వదిలివేస్తారు. పదకొండవ నిమిషం దాటాక ఆ నడక మెల్లగా గాలిలోకి కరిగిపోతుంది. లయ ఉండదు, రాగం ఉండదు. గాలి హోరు, దూరంగా కాకుల గోల, వాటి మధ్య తిమింగలం ఏడుపులా, సముద్రపక్షి కేకలా సాగే అరుపులు మాత్రం ఉంటాయి. ఆ అరుపులు గిటార్‌వే. గిటార్ నాదాన్ని కాలితో మార్చే వా-వా పెడల్‌కు కేబుళ్లు తారుమారుగా తగిలించడం వల్ల, అంటే లోపలికి వెళ్లవలసిన కేబులును బయటి వైపున, బయటికి రావలసినదాన్ని లోపలి వైపున పెట్టడం వల్ల ఆ కేకలు పుట్టాయి. ఒక పొరపాటును వాద్యంగా స్వీకరించిన వారి ధైర్యాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. ఈ నాలుగు నిమిషాలలో రాగం కోసం వెతకడం మానండి. దానికి బదులు దూరాలను వినండి. ఏ కేక దగ్గర్లో ఉంది, ఏది చాలా దూరంలో ఉంది, ఏది మీ వెనుక నుంచి వచ్చినట్టు ఉంది అని గమనించండి. చిత్రకారుడు ఖాళీ స్థలాన్ని గీసినట్టు వారిక్కడ ఖాళీని వాయించారు. కళ్లు మూసుకోవడం ఇక్కడ నిజంగా ఉపకరిస్తుంది, గది గోడలు కనబడుతున్నంతసేపు ఆ విశాలత పూర్తిగా అనుభవానికి రాదు.

పదిహేనవ నిమిషం దగ్గర ఆ చీకటిలోంచి మొదట విన్న ‘టింగ్’ మళ్లీ మోగుతుంది. ఈ ఒక్క క్షణం కోసం మొత్తం రచన వినవచ్చు. స్వరం అదే, కానీ వింటున్న మనం అప్పటివాళ్లం కాము. మొదట్లో అది లోతుకు పిలిచిన పిలుపు, ఇప్పుడు పైకి తీసుకెళ్లే పిలుపు. దాని చుట్టూ ఆర్గాన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది, తాళాలు మెల్లగా రాజుకుంటాయి, ఒత్తి పట్టి మీటిన గిటార్ తీగ ప్రతిధ్వనితో గుండెలా కొట్టుకుంటుంది. పద్దెనిమిదవ నిమిషం దాటాక గిటార్లు ఒక్కసారిగా తెరుచుకుని రెండు వైపులా గంటల్లా మోగుతాయి. చివరి చరణంలో మాటలు వెలుగు గురించి పలుకుతాయి కాబట్టి చెవికి అందిన వెలుగు, మాటలు చెప్పిన వెలుగు ఒక్కటైపోతాయి.

చివరి నిమిషంలో ఒక వింత ఉంది. గాయక బృందం లాంటి ఒక నాదం అదే పనిగా పైకి పైకి ఎక్కుతూ ఉంటుంది, ఎక్కడా ఆగదు, ఎక్కడికీ చేరదు. గదిలో రెండు మూలలలో రెండు టేపు రికార్డర్లు పెట్టి, ఒకటి వినిపిస్తున్నదాన్ని మరొకటి రికార్డు చేస్తూ, అదే సమయంలో తిరిగి వినిపిస్తూ ఉండేలా చేసి ఆ పొరలను సృష్టించారు. ఆ నాదం పూర్తిగా మాయమయ్యేదాకా మరో పాట మొదలుకాకుండా జాగ్రత్తపడండి. ఆగిన తర్వాత గదిలోని మామూలు శబ్దాలు, ఫ్యాను తిరిగే చప్పుడైనా సరే, కాసేపు చాలా స్పష్టంగా వినబడతాయి. ఆల్బమ్ అట్టపైన నీటి కింద ఉన్న చెవి బొమ్మను, దాని మీద వలయాలుగా విస్తరించే అలలను అప్పుడు చూడండి. హిప్నోసిస్ అనే రూపకల్పన సంస్థ తయారుచేసిన ఆ బొమ్మ మొదట అర్థం కానిదిగా కనబడుతుంది, ‘ఎకోస్’ విన్న వెంటనే చూస్తే వేరే వివరణ అవసరం ఉండదు.

ఇలా మూడు నాలుగుసార్లు విన్నాక, అంతకు ముందు మాత్రం కాదు, వారు దీన్ని వాయించడం చూడండి. 1971 అక్టోబరులో ఇటలీలోని పొంపేయి శిథిలాలలో ఉన్న పురాతన రంగస్థలంలో, ప్రేక్షకులెవరూ లేకుండా, ఏడ్రియన్ మేబెన్ దర్శకత్వంలో వారు ఈ రచనను చిత్రీకరణ కోసం వాయించారు. సినిమాలో దాన్ని రెండు సగాలుగా చేసి మొదట ఒకటి, చివర ఒకటి పెట్టారు. ముందే చూస్తే కళ్లు చెవుల పనిని లాక్కుంటాయి. విన్న తర్వాత చూస్తే, ఒక మనిషి వాయించాడని మీరనుకున్న చోట ఇద్దరున్నారని, యంత్రమనుకున్న చోట వేళ్లున్నాయని తెలుస్తుంది. మేసన్ ఎంత తక్కువ దెబ్బలతో ఎంత పెద్ద కదలికను మోస్తున్నారో కూడా అక్కడే స్పష్టమవుతుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆల్బమ్‌ను పక్కన పెట్టి, తిరిగి వచ్చినప్పుడు రైట్ ఒక్కరి వెంటే ‘ఎకోస్’ మొత్తం నడవండి. గిటార్ గొంతు పెద్దది కనుక ఆయన పని సులభంగా మరుగున పడుతుంది. కానీ మొదటి చుక్క ఆయనది, పాడే రెండు గొంతులలో ఒకటి ఆయనది, గిటార్ ఏ ప్రశ్న వేసినా దాని కింద జవాబులా పరుచుకునే ఆర్గాన్ ఆయనది. 2008లో రైట్ మరణించారు, ఆ తర్వాత గిల్మర్ ఈ రచనను మళ్లీ వేదిక మీద వాయించలేదు. ఇద్దరి మధ్య సంభాషణగా సాగే సంగీతాన్ని ఒక్కరే ఎలా వాయిస్తారన్నది ఆయన ఉద్దేశం. చివరి చరణం ముగిశాక గిటార్, కీబోర్డు ఒకదానికొకటి బదులు చెప్పుకుంటూ నెమ్మదించే ఆ రెండు నిమిషాలను ఈ సంగతి తెలిసి వినండి.